ఏ వేషం ఎవరు కట్టాలి?

మా హాస్టల్లో కొందరు మిత్రులు కంప్యూటరు మీద 'డయాబ్లో 2' అనే పాత ఆట ఆడుతుంటారు. 2000లో వచ్చిన ఆట అది. ఆట మొదలు కాకముందే అమెజాన్, నెక్రోమాన్సర్, బార్బేరియన్, సోర్సెరెస్, పాలడిన్ అని అయిదు వేషాలు నిప్పు చుట్టూ నిలబడి ఉంటాయి. అందులో ఒకటి ఎంచుకోవాలి. బార్బేరియన్ మీదికి పోయి కొడతాడు, దెబ్బలూ తింటాడు. సోర్సెరెస్ దూరం నుంచి మంత్రం వేస్తుంది గాని శత్రువు దగ్గరకొస్తే తట్టుకోలేదు. కొత్తగా ఆడేవాడు "వీళ్ళల్లో ఎవరు గొప్ప?" అని అడుగుతాడు. ఆరితేరినవాడు "నువ్వెలా ఆడతావు?" అని తిరిగి అడుగుతాడు.

ఈ రెండో ప్రశ్న మన కృష్ణా, గుంటూరు సీమలకు కొత్త కాదు. హార్మోనియం ఉన్న ప్రతి ఊళ్ళోనూ పద్యనాటకం కట్టే ముందు ఇదే వచ్చేది. వచ్చే వార్షికోత్సవానికి 'శ్రీకృష్ణ రాయబారం' వేద్దామని మనవాళ్ళు అనుకుంటున్నారు కనుక ఆ సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

రాయబారం అని మనం పిలిచేది తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయాలు' లోని భాగం. ఆ జంటలో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు 1920లోనే పోయారు. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి గారు మన బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు, 1950 దాకా జీవించారు.

ఇందులో కృష్ణుడు ఒక్కడే అయినా పని ఒకటి కాదు. పడక సీనులో ఆయన కపట నిద్ర పోవాలి, లేచీ లేవగానే గొంతు సవరించుకునే వ్యవధి లేకుండా పద్యం ఎత్తుకోవాలి. తీపి, కొంటెతనం కావాలి. కౌరవ సభలో అదే కృష్ణుడికి బరువు కావాలి, ఎదుటివాడిని నిలదీసే మాట విరుపు కావాలి. ఈ రెండూ ఒక గొంతులో దొరకడం అరుదు. అందుకే మనవైపు మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని ఇద్దరు నటులను పెట్టే ఆచారం పుట్టింది. ప్రేక్షకుడికి అదేమీ ఎబ్బెట్టుగా ఉండదు. కిరీటం మారకపోతే చాలు!

ఇప్పుడు కాస్త భౌతికశాస్త్రం. హార్మోనియం మీద ఒకటి శృతిలో మగగొంతు ఆధార షడ్జమం సుమారు 131 హెర్ట్జ్. అయిదు శృతికి వెళితే అది 196, అంటే ఒకటిన్నర రెట్లు. పై షడ్జమం దానికి రెట్టింపు, 392. రెండు శృతిలో పాడేవాడికి ఆ పై షడ్జమం 294 దగ్గరే వస్తుంది. మైకులు లేని రోజుల్లో చివరి వరసలో గోనెపట్టా మీద కూర్చున్నవాడికి వినిపించాలంటే హెచ్చు శృతి తప్పేది కాదు. మైకు వచ్చాక ఆ అవసరం తగ్గింది, మోజు మాత్రం తగ్గలేదు. చంపకమాల పాదానికి 21 అక్షరాలు, నాలుగు పాదాలకు 84. ఆ పైన రాగం. ఇదంతా అయిదు శృతిలో లాగి, 'ఒన్స్ మోర్' అనగానే మళ్ళీ లాగగలవాడే కృష్ణుడు అడగాలి.

దుర్యోధనుడి కష్టం వేరు. గద, కిరీటం, భుజకీర్తులు మోస్తూ అవతలివాళ్ళు పద్యాలు పాడినంతసేపూ వినాలి. వింటూ ముఖంలో కోపం చల్లారనివ్వకూడదు. పద్యం అందరూ నేర్పుతారు, వినడం నేర్పే మేష్టారు నాకు ఇంతవరకు తటస్థపడలేదు. భీష్ముడిది మరీ అన్యాయం. సభ సాగినంతసేపూ కూర్చోవాలి, పాడేది తక్కువ.

ఈ భీష్ముడి గురించి మా ఇంట్లో ఒక కథ ఉంది. మా తాతయ్య కౌలురైతు. మా ఊళ్ళో నాటకం కడితే వేషాన్ని బట్టి చందా. కృష్ణుడికి అందరికంటే ఎక్కువ. పొలం ఉన్న ఆసామి కృష్ణుడయ్యాడు. గొంతున్న మా తాతయ్య ఇరవై రెండేళ్ళ వయసులో తెల్లగడ్డం కట్టుకుని భీష్ముడయ్యాడు. ఆసామి పద్యం మధ్యలో ఊపిరి అందక ఆగితే, పీఠం మీద కదలకుండా కూర్చునే తాతయ్య లోగొంతుకతో అందించేవాడట. చప్పట్లు ఎవరికి పోయాయో చెప్పనక్కర్లేదు. తాతయ్యకు ఇప్పటికీ కృష్ణుడి పద్యాలన్నీ కంఠతా వచ్చు, చేలో ఒంటరిగా ఉన్నప్పుడే పాడతాడు. మన దగ్గర ఏడుగురు కృష్ణుడికి పేర్లిచ్చారు, భీష్ముడికి ఎవరూ ఇవ్వలేదు. డ్రెస్సుల అద్దెకు ఎక్కువ ఇచ్చినవారికి కృష్ణుడు అన్న మాట కూడా వినబడుతోంది. నాకు అది ససేమిరా నచ్చలేదు.

పుట్టుకతో వచ్చిన గొంతు, ఆకారమే వేషాన్ని నిర్ణయిస్తాయా అని మీరు అడగవచ్చు. అలా అయితే బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు (1902–1971) సత్యభామ అయి ఉండేవారు కాదు. 'శ్రీకృష్ణ తులాభారం'లో ఆయన భామకు ఆంధ్రదేశం నీరాజనాలిచ్చింది. 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారూ (1935–2012) అదే భామకు పేరుపడ్డారు. ఈలపాట రఘురామయ్య గారు కృష్ణుడికి తన ఈలను కూడా జతచేశారు. అంటే వేషం మనిషిని కొంత మారుస్తుంది, మనిషి వేషాన్ని కొంత మారుస్తాడు. కాని వీరందరి వెనకా ఏళ్ళ తరబడి సాధన ఉంది, మనకున్నది ఆరు నెలలు. అందులోనూ నాట్లకూ కోతలకూ ఇళ్ళకు పోయేవాళ్ళం సగం మందిమి.

కనుక కార్యవర్గానికి నా సూచన ఇది. ముందు వేషాలు పంచవద్దు. అందరినీ హార్మోనియం ముందు కూర్చోబెట్టి రెండు శృతి నుంచి అర అరగా పెంచుతూ ఒకే పద్యం పాడించండి. ఎక్కడ గొంతు చీలిందో రాసుకోండి. తర్వాత ప్రతివాడినీ పది నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి, పక్కవాడు పాడుతుంటే వాడి ముఖం చూడండి. చందా లెక్క ఆ మర్నాడు చూసుకోవచ్చు. నా గొంతు మూడు శృతి దాటదు, ఇంట్లో పరీక్షించుకున్నాను. భీష్ముడికి నా పేరు రాసుకోండి.