విమానములో ఇంధనపు లెక్క

ఖిలా వరంగల్ మండలములోని మామునూరులో నిజాం కాలమునాటి విమానాశ్రయ మొకటి కలదు. అక్కడ విమానముల రాకపోకలు ఆగి దశాబ్దములు గడచినవి. 2025లో దాని పునరుద్ధరణకు కేంద్ర ప్రభుత్వ అనుమతి లభించినది. ఆనాటినుండి మా విద్యార్థులు విమానములను గూర్చి ప్రశ్నలు వేయుచున్నారు. "రెక్కలలో దాగిన ఇంధనమెంతో పైలటుకు ఎట్లు తెలియును?" అన్నది అందులో నొకటి. మేము తెలుగు పాఠము చెప్పువారమే యైనను, తెలిసికొన్నంతవరకు ఇచట వివరించెదము.

ముందుగా మన పాకాల చెరువును తలచుకొందము. తూము వద్ద నీటిమట్టము సగమునకు దిగినంత మాత్రమున చెరువులో సగము నీరే మిగిలినదనరాదు. చెరువు అడుగున ఇరుకు, పైన వెడల్పు. కావున మిగిలినది సగముకంటె చాల తక్కువ. ఇంధనపు ట్యాంకు విషయము నిట్టిదే. సెన్సారు తెలుపునది ఎత్తు మాత్రమే. పైలటుకు కావలసినది పరిమాణము.

చిన్న విమానములలో వాడు సెన్సార్లు ముఖ్యముగా రెండు విధములు. మొదటిదానిలో ఇంధనముపై తేలు బెండు ఒకటి పైకి, క్రిందికి కదలుచు విద్యుత్ నిరోధమును మార్చును. రెండవదానిలో కదలు భాగములు లేవు. ఒకదానిలో నొకటి అమరిన రెండు లోహపు గొట్టముల నడుమ గాలికి బదులు ఇంధనము చేరినకొలది విద్యుత్తును నిలువచేయు శక్తి పెరుగును. ఇంధనమునకు ఆ గుణము గాలికంటె సుమారు రెండింతలు.

మొదటి రకమును ఇంజను మానిటరుకు కలుపుట చూతము. ట్యాంకు ఖాళీగా నున్నపుడు 240 ఓములు, నిండినపుడు 33 ఓములు చూపు సెన్సారు కలదనుకొందము. 5 వోల్టులను 240 ఓముల స్థిర నిరోధము ద్వారా దానికి పంపినచో, ఖాళీ ట్యాంకుకు 2.5 వోల్టులు, నిండు ట్యాంకుకు సుమారు 0.6 వోల్టు మానిటరుకు అందును. ఎర్తు తీగ సంధిలో త్రుప్పు పట్టి 30 ఓములు అదనముగా చేరినచో, నిండు ట్యాంకులో ఏడవ వంతు లోటున్నట్లు కనబడును. ఇంతకంటె భయంకరమైనది వేరొకటి కలదు. సెన్సారు తీగ ఒరిపిడికి తెగి విమానపు లోహమునకు తగిలెనా, నిరోధము సున్నయగును. పాత ముల్లు సూచిక ట్యాంకు నిండుగా నున్నదని చెప్పును! మంచి మానిటరు అట్టి అసాధ్యమైన విలువను చూచి, అంకెకు బదులు దోషమును చూపవలెను.

తీగలు కలిపినంతనే పని ముగియదు. ట్యాంకును ఖాళీచేసి, విమానమును ఎగురునపుడుండు భంగిమలో నిలిపి, కొలిచిన ఇంధనమును కొద్దికొద్దిగా పోయుచు, ప్రతిసారియు వోల్టేజిని పట్టికలో వ్రాసికొనవలెను. వాడరాని అడుగు ఇంధనము మాత్రమే మిగిలినపుడు సూచిక సున్న చూపవలెను. రెక్కలు పైకి వాలిన విమానములలో ట్యాంకు నిండకముందే బెండు కప్పును తాకును. ఆ పై భాగము సెన్సారునకు కనబడదు.

1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానమునకు ఇంధన సూచికలు పనిచేయలేదు. అందుచే కొలకర్రతో లీటర్లు కొలిచిరి. కాని లీటర్లను కిలోగ్రాములుగా మార్చుటకు సుమారు 0.8తో హెచ్చవేయవలసినదానికి, పౌనులకు చెందిన 1.77తో హెచ్చవేసిరి. 22,300 కిలోగ్రాములు కావలసియుండగా అందులో సగమైనను లేక విమానము బయలుదేరినది. 41,000 అడుగుల ఎత్తున ఇంధనము అడుగంటి, రెండు ఇంజన్లును ఆగిపోయినవి. పైలట్ల నేర్పువలన అది గాలిలో జారుచు గిమ్లీ అను చోట పాత వైమానిక స్థావరముపై దిగినది. అందులోని 69 మందియు బ్రతికిరి.

ఆనాడు కొలకర్ర అబద్ధమాడలేదు. దాని మాటను మనుష్యులు తప్పుగా చదివిరి. కావుననే సూచిక, ఇంజనుకు పారిన ఇంధనమును లెక్కించు మీటరు, కొలకర్ర - ఈ మూడు సాక్ష్యములును ఏకీభవింపవలెను. ఒక్కటి భేదించినను విమానము నేలనే ఆగవలెను. రేపు మామునూరు నుండి విమానము లేచినపుడు, వాని తీగలను బిగించు చేతులలో మా విద్యార్థుల చేతులును ఉండవలెనని మా ఆకాంక్ష. ఆ చేతులు అంకెను చూచి తృప్తిపడక, అది ఎచటినుండి వచ్చినదో విచారించుగాక!