త్రాగునీటిలోని సీసలోహాన్ని పసిగట్టే డి.ఎన్.ఏ.

బురదనీటిని చిల్లగింజతో తేటపరచుకొనే ఉపాయం తెలుగు పల్లెలలో అనాదిగా ఉన్నదే. అయితే తేటగా కనిపించే నీరంతా నిర్మలమైనది కాదు. నీటిలో కరిగిన సీసానికి రంగు, రుచి, వాసన ఉండవు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఫ్లింట్ నగరంలో 2014 ఏప్రిల్‌లో నీటి వనరును మార్చారు. గొట్టాల తుప్పును అరికట్టే రసాయనాన్ని కలపనందువల్ల పాత గొట్టాలలోని సీసం కుళాయి నీటిలోకి దిగింది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు హాని చేయదని చెప్పదగిన మోతాదు ఏదీ తేలలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరు నీటికి 10 మైక్రోగ్రాములు. అనగా నూరుకోట్ల పాళ్ళ నీటిలో పది పాళ్ళు మాత్రమే. ఇంత స్వల్ప పరిమాణాన్ని కొలవడానికి ఖరీదైన యంత్రాలు, శిక్షణ పొందిన నిపుణులు కావాలి. కుళాయి దగ్గరే ఈ పని చేయగల చిన్న సాధనం సాధ్యమా?

డి.ఎన్.ఏ. అనగానే వంశపారంపర్య లక్షణాలు గుర్తుకు వస్తాయి. కాని 1994లో రోనాల్డ్ బ్రేకర్, జెరాల్డ్ జాయిస్ అనే శాస్త్రవేత్తలు ఎంజైమువలె పనిచేసే డి.ఎన్.ఏ. పోగును ప్రయోగశాలలో రూపొందించారు. సీసపు అయానుల తోడు దొరికినప్పుడు అది తన జత పోగును ఒక నిర్దిష్ట స్థానంలో తెంచివేస్తుంది.

ఈ కోవకే చెందిన మరొక పోగుతో 2007లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు విద్యుత్ రసాయన సెన్సరును నిర్మించారు. పోగు ఒక కొసను గంధకం సాయంతో బంగారు ఎలక్ట్రోడుకు అతికించారు. రెండవ కొసకు మిథిలీన్ బ్లూ అనే రంగు పదార్థాన్ని తగిలించారు. జత పోగుతో పెనవేసుకొని ఉన్నంతసేపు ఆ పోగు బిగుసుకొని ఉంటుంది. రంగు అణువు ఎలక్ట్రోడును సులభంగా చేరలేదు కనుక విద్యుత్ ప్రవాహం స్వల్పంగా ఉంటుంది. సీసం చేరగానే జత పోగు తెగి విడిపోతుంది. ఒంటరిగా మిగిలిన పోగు మెత్తబడి వంగుతుంది. రంగు అణువు ఎలక్ట్రోడును సమీపించి ఎలక్ట్రానులను ఇచ్చిపుచ్చుకొంటుంది. ప్రవాహం పెరుగుతుంది. ఆ పెరుగుదలను బట్టి సీసం పాళ్ళను లెక్కకట్టవచ్చు.

పాదరసానికి వేరొక కిటుకు ఉన్నది. డి.ఎన్.ఏ.లో తైమిన్ సాధారణంగా అడెనిన్‌తోనే జతకడుతుంది. రెండు తైమిన్‌లు ఎదురుపడితే వాటి నడుమ పాదరసపు అయాను చేరి వంతెనవలె కలుపుతుంది. ఈ గుణాన్నే పాదరసాన్ని గుర్తించడానికి వాడుకొంటారు.

2007 నాటి సాధనం నూరుకోట్లకు కొన్ని పదుల పాళ్ళను మాత్రమే గుర్తించగలిగింది. సంకేతాన్ని పెంచే పద్ధతులతో తరువాతి పరిశోధకులు అంతకన్న తక్కువ పాళ్ళను సైతం గుర్తించారు. అయినా ఇంటి నీటి విషయంలో గుర్తింపు పొందిన ప్రయోగశాల పరీక్షనే నమ్ముకోవాలి.

అమెరికాలో త్రాగునీటి గొట్టాలకు, అతుకులకు సీసం వాడరాదని 1986లో చట్టం వచ్చింది. అంతకుముందు కట్టిన ఇళ్ళలో నివసించేవారు నీటిని పరీక్ష చేయించుకోవడం మంచిది. మరిగిస్తే సీసం పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది. వంటకు, పసిపిల్లల పాలపొడి కలపడానికి వేడినీటి కుళాయిని వాడక, చల్లనినీటి కుళాయినే వాడాలి.