పాఠం 14: ఓవెన్ లేని ఇంట్లో ఆపిల్ బేక్

14.1 పరిచయం

ఉడికించడం, ఆవిరి పట్టడం, నూనెలో వేయించడం అనే మూడు పద్ధతులను గత పాఠాలలో తెలుసుకున్నారు. నాలుగవ పద్ధతి ఒకటి ఉంది. నీరు, నూనె లేకుండా, చుట్టూ వేడెక్కిన గాలి మధ్య పదార్థాన్ని ఉంచి వండడాన్ని 'బేకింగ్' అంటారు. బేకరీలో బ్రెడ్డు, బన్ను, బిస్కెట్లు తయారయ్యేది ఈ విధంగానే. మన ఇళ్లలో ఈ పద్ధతి వాడకం తక్కువ. కానీ కుంపటి బూడిదలో మగ్గించిన చిలగడదుంపను చిన్నప్పుడు తిన్నవారికి పొడి వేడి ఇచ్చే రుచి కొత్తది కాదు.

ఈ పాఠంలో ఒక తీపి వంటకం చేస్తారు. దానితోపాటు మూడు విషయాలు తెలుసుకుంటారు. ఓవెన్ లేకుండా మూకుడులో బేకింగ్ ఎలా చేయవచ్చు, మెత్తబడిన ఆపిల్‌కు, కుళ్లిన ఆపిల్‌కు తేడా ఏమిటి, చవకగా దొరికిన పండు నిజంగా చవకేనా అన్నవే ఆ మూడు విషయాలు.

14.2 పండు ఎక్కడినుంచి వచ్చింది?

మీరు రాయ్‌పూర్‌లోని టాటీబంధ్‌లో ఉంటున్నారనుకోండి. నగరానికి పడమటి వైపున, భిలాయికి వెళ్లే గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద ఉన్న ప్రాంతం ఇది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో మొదలైంది. రైలు, ఉక్కు, వ్యాపారం, వీటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుని ఈ ప్రాంతానికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ వీరికి అలవాటే. కాబట్టి బండి దగ్గర మీరు అడిగేది 'సేబ్', కిరాణా కొట్టులో అడిగేది 'గుడ్', 'ఆటా', 'దాల్‌చీనీ'. ఇంటికి వచ్చాక అవే ఆపిల్, బెల్లం, గోధుమపిండి, దాల్చినచెక్క అవుతాయి.

టాటీబంధ్‌లో 2012 నుంచి ఎయిమ్స్ ఆసుపత్రి ఉంది. పెద్ద ఆసుపత్రి ఉన్నచోట రోగులను చూడడానికి వచ్చేవారు ఉంటారు. వట్టి చేతులతో వెళ్లడం మన మర్యాద కాదు గదా! ఒకరు కిలో ఆపిల్ తెస్తారు, మరొకరు ఇంకో కిలో తెస్తారు. రోగి తినేది రోజుకు ఒకటో, సగమో. మిగిలినవి సంచిలో ఉండి మెత్తబడతాయి. డిశ్చార్జి రోజున ఆ సంచి ఇంటికి వస్తుంది. ఇంత ఖరీదైన పండును పారేయడానికి మనసొప్పదు, కొరికి తినడానికి నోటికి రుచించదు. ఈ పాఠంలోని వంటకం ముఖ్యంగా అటువంటి పండ్ల కోసమే.

శరదృతువులో, అంటే ఆశ్వయుజ కార్తీక మాసాలలో, ఆపిల్ ధర కొంత దిగుతుంది. హిమాచల్ పంట వర్షాకాలంలోనే మొదలవుతుంది. కాశ్మీర్ పంట సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎక్కువగా వస్తుంది. మనం ఎక్కువగా చూసే ఎర్రని 'డెలిషస్' రకం అమెరికాలో పుట్టినది. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ 1904లో మన దేశానికి వచ్చి, సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916 ప్రాంతంలో ఆ రకాన్ని అక్కడ నాటించాడు. తరువాత ఆయన సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకూ వెళ్లాడు.

14.3 మెత్తనిదా, కుళ్లినదా?

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. వంట సరిగా కుదరకపోతే మళ్లీ చేసుకోవచ్చు. పండు ఎంపికలో పొరపాటు చేస్తే ఆరోగ్యం చెడుతుంది.

చెట్టు నుంచి కోసిన తరువాత కూడా ఆపిల్ పండుతూనే ఉంటుంది. కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. కణాలను ఒకదానితో ఒకటి అంటించి ఉంచే 'పెక్టిన్' అనే పదార్థం కరుగుతుంది. అప్పుడు పండు మెత్తబడి, పిండి పిండిగా అనిపిస్తుంది, తొక్క కొద్దిగా ముడత పడుతుంది. ఇది చెడిపోవడం కాదు, ముసలితనం మాత్రమే. ఇటువంటి పండును వండుకోవచ్చు.

దెబ్బ తగిలినచోట గోధుమరంగు మచ్చ వస్తుంది. దెబ్బకు కణాలు పగిలి, లోపలి ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆ రంగును తెస్తుంది. కోసిన ముక్క నల్లబడేదీ ఇందువల్లే. నిమ్మరసం రాస్తే ఆ మార్పు నెమ్మదిస్తుంది. దెబ్బ మచ్చ పొడిగా ఉండి, వాసన లేకపోతే, ఆ భాగాన్ని కోసి తీసేసి మిగతాది వాడుకోవచ్చు.

బూజు సంగతి వేరు. తొక్క మీద తెల్లని, నీలి ఆకుపచ్చని నూగు కనిపించినా, వేలితో నొక్కితే నీరు కారుతూ లోపలికి దిగిపోయినా, పాచి వాసన వచ్చినా ఆ పండు మొత్తాన్ని పారేయాలి. 'పెనిసిలియం' జాతి బూజులు కొన్ని ఆపిల్‌లో 'పాట్యులిన్' అనే విషపదార్థాన్ని తయారుచేస్తాయి. అది మచ్చ దాటి, బాగున్నట్టు కనిపించే కండలోకి కూడా వ్యాపించవచ్చు. "వేడిచేస్తే అన్నీ చచ్చిపోతాయి" అని మన పెద్దలు అంటారు. సూక్ష్మజీవుల విషయంలో అది చాలావరకు నిజమే. కానీ అవి వదిలిన విషం ఉడికించినంత మాత్రాన పోదు. కిలో ఆపిల్ రసంలో పాట్యులిన్ 50 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చెబుతున్నాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. అంత తక్కువ మోతాదునే లెక్కలోకి తీసుకుంటున్నారంటే విషయం ఎంత ముఖ్యమో గ్రహించండి.

కోసి చూసినప్పుడు గింజల చుట్టూ నల్లగా, బూజుగా ఉన్నా అదే నియమం. పై తొక్క నున్నగా ఉండి లోపల బూజు పట్టిన పండ్లు ఉంటాయి. అందువల్ల ఆపిల్‌ను ఎప్పుడూ ముందు రెండుగా కోసి, లోపల చూసిన తరువాతే ముక్కలు చేయండి.

ప్రశ్నలు 14.1
1. ఆపిల్ మీద దెబ్బ మచ్చ ఉంది, పొడిగా ఉంది, వాసన లేదు. ఏం చేస్తారు?
2. గింజల దగ్గర బూజు కనిపించింది. ఆ భాగం తీసేసి మిగతాది ఉడికిస్తే సరిపోతుందా? ఎందుకు?

14.4 చవక లెక్క

సాయంత్రం బండివాడు మెత్తని పండ్లను తక్కువ ధరకు ఇస్తాడు. కొనాలా వద్దా? ఒక ఉదాహరణ చూద్దాం. ఇక్కడి ధరలు లెక్క కోసం మాత్రమే.

మంచి ఆపిల్ కిలో 120 రూపాయలు. తొక్క, గింజల భాగం తీసేస్తే 200 గ్రాములు పోయి 800 గ్రాములు మిగులుతుంది. అంటే తినే భాగం కిలోకు 120 ÷ 0.8 = 150 రూపాయలు పడుతుంది. మెత్తని ఆపిల్ కిలో 80 రూపాయలు. తొక్క, గింజలు, మచ్చలు, పారేసిన పండ్లు కలిపి సగం పోతే, తినే భాగం కిలోకు 80 ÷ 0.5 = 160 రూపాయలు పడుతుంది. చవక అనుకున్నదే ఖరీదైనదని తేలింది. సగం పోకుండా మూడో వంతు మాత్రమే పోతే కిలోకు 120 రూపాయలే అవుతుంది, అప్పుడు కొనవచ్చు. ఇంట్లో తూకం లేకపోతే గిన్నెతో కొలిచి చూడండి.

14.5 కావలసినవి (నలుగురికి)

ఆపిల్ పండ్లు మధ్యరకం 3 (సుమారు అరకిలో), నిమ్మరసం 1 చెంచా, బెల్లం పొడి 2 పెద్ద చెంచాలు, గోధుమపిండి అరకప్పు, బొంబాయి రవ్వ 2 పెద్ద చెంచాలు, నెయ్యి 3 పెద్ద చెంచాలు, పంచదార 2 పెద్ద చెంచాలు, ఉప్పు చిటికెడు, వేరుశనగపప్పు గుప్పెడు, ఏలకులు 2 లేదా దాల్చినచెక్క పొడి పావు చెంచా.

ఏలకులు, దాల్చినచెక్క రెండూ వేయకండి. ఒకదాని వాసన మరొకదానిని మింగేస్తుంది. గోధుమపిండికి బదులు అటుకులను వట్టి మూకుట్లో కరకరలాడేలా వేయించి, చేత్తో నలిపి వాడవచ్చు. రాయ్‌పూర్‌లో ప్రతి కిరాణా కొట్టులోనూ 'పోహా' దొరుకుతుంది గనుక ఇది సులభం. పండు బాగా తియ్యగా ఉంటే బెల్లం ఒక చెంచా తగ్గించండి. మధుమేహం ఉన్నవారికీ, ఆసుపత్రి నుంచి వచ్చి పథ్యంలో ఉన్నవారికీ వైద్యుని అడిగిన తరువాతే పెట్టాలి.

14.6 మూకుడే ఓవెన్

మందపాటి అడుగు ఉన్న ఇనుప మూకుడు, దానికి సరిపోయే బరువైన మూత, లోపల పట్టే స్టీలు డబ్బా, ఒక కుదురు తీసుకోండి. మూకుడు అడుగున వేలు మందం గళ్లుప్పు పరవండి. ఉప్పు వేడిని పట్టి ఉంచి, అంతటా సమంగా పంచుతుంది. ఉప్పు మీద కుదురు పెట్టండి. డబ్బా ఉప్పుకు నేరుగా తగిలితే అడుగు మాడుతుంది. ఒకసారి ఇలా వాడిన ఉప్పును కూరల్లో వేయకూడదు. సీసాలో దాచి మళ్లీ ఇదే పనికి వాడుకోండి.

నాన్‌స్టిక్ పాత్రను ఇందుకు వాడవద్దు. నీరు లేకుండా ఎక్కువసేపు వేడెక్కితే దాని పూత చెడి, హానికరమైన పొగ వస్తుంది. ప్రెషర్ కుక్కరును రబ్బరు, వెయిట్ ఉంచి పొడిగా వేడిచేయడం ప్రమాదకరం. కళాయి లేని ఇత్తడి గిన్నె కూడా వద్దు, పండులోని పులుపు దానితో కలుస్తుంది.

ఇప్పుడు ఈ ఓవెన్ లోపాన్ని తెలుసుకోండి. బేకరీ ఓవెన్‌లో వేడి కింద, పైన, పక్కల నుంచి వస్తుంది. మూకుడులో వేడి చాలావరకు కిందినుంచే వస్తుంది. ఆపిల్ ఉడుకుతుంది గాని, మీద చల్లిన పిండి ఎర్రబడదు. పైగా పండులో దాదాపు 85 శాతం నీరే. ఆ నీరు ఆవిరై, మూతకు తగిలి, బొట్లుగా పిండి మీద పడుతుంది. పుస్తకంలో ఉన్నట్టే చేశాం, పచ్చిపిండి ముద్దలా వచ్చిందని చాలామంది నిరాశపడేది ఇక్కడే. తప్పు వారిది కాదు. ఆ పుస్తకాలు ఓవెన్ ఉన్నవారి కోసం రాసినవి. దీనికి ఉపాయం సులభమే. పైపిండిని ముందుగా విడిగా వేయించి, చివరలో చల్లాలి.

14.7 తయారుచేసే విధానం

మూకుడులో చిన్న మంట మీద రెండు చెంచాల నెయ్యి కరిగించి, గోధుమపిండి, రవ్వ వేసి, ఆపకుండా కలుపుతూ ఏడెనిమిది నిమిషాలు వేయించండి. సున్నుండలకు పప్పు వేయించినప్పుడు వచ్చేలాంటి కమ్మని వాసన వచ్చి, లేత బంగారు రంగు రాగానే దించండి. ఇంకొంచెం ఎర్రబడనిద్దాం అనుకుంటే మాడుతుంది, ఎందుకంటే దించిన తరువాత కూడా మూకుడు వేడికి పిండి వేగుతూనే ఉంటుంది. చల్లారాక పంచదార, ఉప్పు, దంచిన వేరుశనగపప్పు కలపండి. వేడి మీద పంచదార వేస్తే కరిగి గడ్డ కడుతుంది.

పండ్లను కడిగి, రెండుగా కోసి చూసి, తొక్క తీసి, పలుచని ముక్కలు చేయండి. నిమ్మరసం, బెల్లం, ఏలకుల పొడి కలపండి. డబ్బాకు మిగిలిన నెయ్యి రాసి, ముక్కలను సర్ది చేత్తో కొద్దిగా అదమండి. డబ్బా మీద విడిగా మూత అక్కరలేదు.

ఉప్పు పరిచిన మూకుడును మూత పెట్టి, మధ్యరకం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. ఆ తరువాతే డబ్బాను పట్టకారుతో లోపల ఉంచండి. గట్టి పండ్లయితే 25 నుంచి 30 నిమిషాలు, మెత్తనివైతే 15 నుంచి 20 నిమిషాలు చాలు. గడియారాన్ని నమ్ముకోకండి. చాకు మొన గుచ్చితే సులభంగా దిగాలి, పక్కల రసం బుడగలు రావాలి.

అప్పుడు వేయించిన పిండిని మందంగా చల్లి, మూతను ఓరగా పెట్టి, ఆవిరి బయటికి పోయేలా మరో ఎనిమిది నిమిషాలు ఉంచండి. మంట ఆర్పి, పావుగంట ఆగి వడ్డించండి. బెల్లం కరిగిన రసం నోరు కాలేంత వేడిగా ఉంటుంది గనుక పిల్లలకు చల్లార్చి పెట్టాలి. మరునాటికి పైపిండి మెత్తబడుతుంది. మిగులుతుందనుకుంటే పిండిలో కొంత సీసాలో దాచి, తినే ముందు చల్లుకోండి.

ఇంగ్లండులో ఈ వంటకాన్ని 'క్రంబుల్' అంటారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 జనవరి నుంచి, అక్కడ వెన్న, పంచదార రేషన్‌లోకి వెళ్లాయి. అడుగునా పైనా పిండి పొర కావలసిన 'పై' కంటే, పైన మాత్రమే కొద్దిగా పిండి చల్లే ఈ పద్ధతి అప్పుడు గృహిణులకు కలిసివచ్చింది.

14.8 చేసి చూడండి

మూడు ఆపిల్ పండ్లు కొనండి. కొన్న బరువు, తీసేసిన భాగం బరువు, మిగిలిన బరువు నోటుబుక్కులో రాయండి. తినే భాగం కిలోకు ఎంత పడిందో లెక్కకట్టండి. వంట అయ్యాక పైపిండి కరకరలాడిందా, మెత్తబడిందా రాసి, మెత్తబడితే కారణం 14.6లో వెతకండి.

ప్రశ్నలు 14.2
1. డబ్బాను ఉప్పు మీద నేరుగా ఎందుకు పెట్టకూడదు?
2. పిండిని ముందుగా వేయించడానికి కారణం ఏమిటి?
3. కిలో 90 రూపాయల ఆపిల్‌లో 400 గ్రాములు పోతే తినే భాగం కిలోకు ఎంత?

జవాబులు
14.1: (1) మచ్చ భాగం కోసి తీసేసి మిగతాది వాడతాం. (2) సరిపోదు. విషపదార్థం మిగతా కండలోకి వ్యాపించి ఉండవచ్చు, ఉడికించినా పోదు.
14.2: (1) అడుగు మాడుతుంది. (2) మూకుడులో పైనుంచి తగినంత వేడి రాదు, పిండి ఎర్రబడదు. (3) 90 ÷ 0.6 = 150 రూపాయలు.