అవటు గ్రంథి మాంద్యం – అవగాహన, చికిత్స

తరగతిలో తరచుగా కునుకుపాట్లు పడే విద్యార్థినిని, ఎంత చదివినా జ్ఞాపకం ఉండడం లేదని వాపోయే విద్యార్థిని సోమరులని నిందించడం మన సమాజంలో పరిపాటి. అయితే కొందరి విషయంలో ఈ మందకొడితనానికి కారణం కంఠంలోని ఒక చిన్న గ్రంథి కావచ్చును. ఆ గ్రంథి మాంద్యాన్ని గురించి, దానిని అదుపులో ఉంచుకొనే విధానాన్ని గురించి ఈ వ్యాసంలో సంగ్రహంగా వివరించదలచాము.

గ్రంథి – దాని పని

స్వరపేటికకు దిగువన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే వినాళ గ్రంథి అవటు గ్రంథి. వాడుకలో దీనినే థైరాయిడ్ అంటాము. ఇది ఆహారంలోని అయొడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. గుండె వేగం, శరీరపు వెచ్చదనం, జీర్ణక్రియ, మెదడు చురుకుదనం సక్రమంగా ఉండడానికి ఈ హార్మోను అవసరం. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే హార్మోను ద్వారా అవటు గ్రంథిని పనిచేయిస్తుంది. సాధారణంగా థైరాక్సిన్ తగ్గితే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. అందుచేత వైద్యులు రక్తంలో ముందుగా దీనినే పరీక్షిస్తారు.

కారణాలు – లక్షణాలు

అయొడిన్ లోపం ఒక కారణం. మన దేశంలో 1962లో గాయిటర్ నివారణ కార్యక్రమం ప్రారంభమై, క్రమంగా అయొడిన్ ఉప్పు వాడుకలోకి వచ్చిన మీదట ఈ లోపం చాలవరకు తగ్గింది. శరీర రక్షణ వ్యవస్థ సొంత గ్రంథినే దెబ్బతీయడం మరొక ముఖ్య కారణం. ఈ వ్యాధిని 1912లో జపాను వైద్యుడు హషిమోటో వర్ణించాడు. ఇది స్త్రీలలో ఎక్కువ.

అలసట, చలికి తాళలేకపోవడం, బరువు పెరగడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, నెలసరి క్రమం తప్పడం, మతిమరపు దీని లక్షణాలు. వీటిలో కొన్ని రక్తహీనతలోనూ కనిపిస్తాయి. కనుక పరీక్ష లేకుండా నిర్ధారణకు రాకూడదు.

చికిత్స

1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అనే వైద్యుడు గొర్రె అవటు గ్రంథి నుండి తీసిన రసాన్ని ఒక రోగికి సూదిద్వారా ఇచ్చాడు. చికిత్స కొనసాగగా ఆమె మరి 28 సంవత్సరాలు జీవించింది. నేడు రోజుకొక లీవోథైరాక్సిన్ మాత్రతో చాలామంది ఆరోగ్యంగా ఉండగలరు. పాటించవలసిన నియమాలు ఇవి:

1. ఉదయం పరగడుపున మంచినీళ్ళతో మాత్ర వేసుకొని, అరగంట నుండి గంట వరకు టీ, కాఫీ, ఆహారం తీసుకోకూడదు.

2. ఇనుము, కాల్షియం మాత్రలకు, దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి.

3. మోతాదు మార్చిన 6 నుండి 8 వారాలకు తిరిగి రక్తపరీక్ష చేయించుకోవాలి.

4. నయమైనదని తలచి సొంతంగా మాత్ర మానరాదు. గ్రంథి శాశ్వతంగా దెబ్బతిన్నవారు దీనిని జీవితాంతం వాడవలసి ఉంటుంది.

5. రంజాన్ మాసంలోనూ మాత్ర మానవలసిన పనిలేదు. సహరీకి అరగంట ముందు గాని, రాత్రి భోజనమైన మూడు గంటల తరువాత గాని వైద్యుని సలహాతో వేసుకోవచ్చును.

దాచరాని వ్యాధి

పెండ్లి సంబంధాలకు అడ్డు వస్తుందని ఆడపిల్లల వ్యాధిని దాచే కుటుంబాలు ఉన్నాయి. ఇది ప్రమాదకరం. గర్భం తొలినెలల్లో శిశువు మెదడు ఎదుగుదల తల్లి థైరాక్సిన్‌పై ఆధారపడి ఉంటుంది. ఆ సమయంలో సాధారణంగా మోతాదు పెంచవలసి వస్తుంది. చికిత్స పొందే యువతి అందరివలెనే చదువుకొని, ఉద్యోగం చేసి, ఆరోగ్యవంతులైన బిడ్డలను కనగలదు.

కళాశాల పాలక సంఘం వారు ఏటా ఆరోగ్య పరీక్ష ఏర్పాటు చేసి, లక్షణాలు ఉన్నవారిని వైద్యుని వద్దకు పంపితే ఎందరి చదువులో నిలబడతాయి. విద్యార్థులు కూడ తోటివారిని సోమరులని పరిహసించక, పరీక్షకు ప్రోత్సహించాలని మా విజ్ఞప్తి.