బూడిద జోడీకి గోధుమ పిల్ల

ప్రశ్న: మిర్యాలగూడలో కొన్న జీబ్రా ఫించ్‌ల జోడీ ఉంది మా ఇంట్లో. రెండూ బూడిద రంగువే. ఈసారి కుండలో ఐదు పిల్లలు లేస్తే ఒకటి లేత గోధుమ రంగు. పంజరంలో ఇంకో మగది లేదు. ఎట్లా వచ్చింది?
– ఒక పాఠకుడు, నిడమనూరు

జవాబు: పాపం, తల్లిని అనుమానించకండి. ఆ రంగును ఇన్నాళ్లూ దాచిపెట్టింది తండ్రి. పెంచేవాళ్లు దీన్ని ‘ఫాన్’ అంటారు. పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. ఫాన్ గుణం ఉండేది జెడ్ మీదే. మగదానికి ఒక జెడ్‌లో అది ఉన్నా రెండోది కప్పేస్తుంది, పైకి బూడిదే కనిపిస్తుంది. అలాంటిదాన్నే ‘స్ప్లిట్’ అంటారు. ఆడదానికి ఆ దాపరికం కుదరదు. ఉన్నదే ఒక్క జెడ్ కదా!

అందుకే మీ గోధుమ పిల్ల ఆడదని చూడకుండానే చెప్తున్నాను. నమ్మకం లేకపోతే మూడు నెలలు ఆగండి. నల్ల ముక్కు నారింజకు తిరుగుతుంది, బుగ్గ మీద మాత్రం మగదానికుండే మచ్చ పడదు.

గోధుమ మగది కావాలని దాన్ని తండ్రికే కట్టకండి. బయటినుంచి ఫాన్ మగదాన్ని తెస్తే పిల్లలన్నీ గోధుమే. అదే మగదాన్ని బూడిద ఆడదానికి కడితే ఇంకో సరదా: ఆడపిల్లలన్నీ గోధుమ, మగవన్నీ బూడిద. ఏది ఆడో ఏది మగో బుగ్గ మచ్చ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ప్రశ్న: తలమీద టోపీలాంటి జుట్టున్న గ్లోస్టర్ కనరీలు పెంచుతున్నా. ప్రతిసారీ గుడ్లలో కొన్ని పిల్లలు చచ్చిపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, కోదాడ

జవాబు: రెండింటికీ జుట్టుందా? అయితే విడదీయండి. ఈ గుణం ఒకవైపునుంచి వస్తే జుట్టు, రెండువైపులా వస్తే చావు. లెక్కప్రకారం నాలుగింట ఒకటి పోతుంది. 1920లలో ఇంగ్లండులో తయారైన రకం ఇది. జుట్టున్నదాన్ని ‘కరోనా’ అంటారు (పేరు ఆ జబ్బు కంటే చాలా పాతది), లేనిదాన్ని ‘కన్సార్ట్’. కరోనాను కన్సార్ట్‌కే కట్టాలి. అప్పుడూ గుడ్లు పోతుంటే పంజరం రేకుల కింద ఉందేమో చూసుకోండి.

ప్రశ్న: సంతలో గులాబీ, ఆకుపచ్చ చిన్న పిట్టలు అమ్ముతున్నారు. అదీ మ్యుటేషనేనా?
– ఒక విద్యార్థి, సూర్యాపేట

జవాబు: డబ్బా రంగు, బాబూ. తడి దూదితో రెక్క తుడిస్తే చేతికంటుతుంది. లోపలుండేది చాలాసార్లు మన వరిచేలల్లో కంకులమీద వాలే జీనువాయే. దాన్ని పట్టినా, అమ్మినా, కొన్నా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అటవీశాఖ వాళ్లకు చెప్పు.