చేపపిల్లకు తొలి ముద్ద



చేపల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందున్నది. బొచ్చె, శీలావతి పెంచి ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. అయితే ఆ చెరువు పంట గెలుపోటములు పిల్ల పుట్టిన తొలి రోజుల్లోనే చాలావరకు తేలిపోతాయి. బి.జెడ్.సి. విద్యార్థులుగా మేము తెలుసుకున్న ఈ విషయాన్ని మీతో పంచుకుంటున్నాము.

సజీవ ఆహారం ఎందుకు?

గుడ్డు నుంచి వచ్చిన పిల్ల సుమారు 3 రోజులు తన సొనసంచితోనే గడుపుతుంది. సొన అయిపోయేసరికి దాని పొడవు 6–7 మిల్లీమీటర్లే. నోరు చిన్నది, జీర్ణశక్తి తక్కువ. కాబట్టి ఆహారం నోట పట్టేంత చిన్నదై, కదులుతూ, తేలికగా అరిగేదై ఉండాలి. పొడి మేత ఎక్కువైతే అడుగున కుళ్ళి నీటిని పాడుచేస్తుంది.

ముఖ్యమైన జీవులు

1. రోటిఫర్లు: 0.1–0.3 మి.మీ. ఉంటాయి. తొలి ఆహారంగా శ్రేష్ఠం.
2. మోయినా: సుమారు 1 మి.మీ. ఉంటుంది. దీని పిల్లలు ఇంకా చిన్నవి.
3. ఆర్టీమియా: లీటరు నీటికి 25–30 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీల వేడి, వెలుతురు, గాలి బుడగలు ఉంటే 24 గంటల్లో గుడ్లు పొదుగుతాయి. పిల్లలను వెంటనే మేపాలి, ఆలస్యమైతే పోషక విలువ తగ్గుతుంది. ఖరీదు ఎక్కువ.

మోయినా పెంపకం

నీడలో ఒక తొట్టి పెట్టి, బట్టతో వడగట్టిన చెరువు నీరు నింపాలి. పంపు నీరైతే క్లోరిన్ పోయేదాకా ఒకటి రెండు రోజులు నిల్వ ఉంచాలి. ఎండిన పేడను గుడ్డలో మూటగట్టి వేలాడదీయాలి. వేరుశనగ చెక్క నానబెట్టిన నీరు కొద్దిగా పోయాలి. లీటరుకు 25 చొప్పున మోయినాలు వదలాలి.

పరిస్థితి అనుకూలిస్తే మగజీవితో పని లేకుండానే ఆడవి పిల్లల్ని కంటాయి. అందుకే 5–10 రోజుల్లో తొట్టి నిండిపోతుంది. రోజుకు నాలుగో వంతుకు మించి తీయరాదు. నీరు తేటపడితే మేత అయిపోయినట్లు గుర్తు. వాసన వస్తే మేత ఎక్కువైనట్లు. వెంటనే కొంత నీరు మార్చాలి.

నర్సరీ చెరువులోనూ ఇదే సూత్రం. పిల్లల్ని వదలడానికి 10–15 రోజుల ముందే పేడ వేస్తే, పిల్ల వచ్చేసరికి ఆహారం సిద్ధంగా ఉంటుంది. పిల్ల వచ్చాక వేస్తే ఆకలి ఆగదు.

పిల్ల చనిపోతే రైతు కట్టిన లీజు సొమ్ము నీళ్ళపాలే. సెంటు భూమి లేని ఇంట్లోనూ ఒక తొట్టికి చోటుంటుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ చదువు పరీక్షతో ముగిసేది కాదు, సెలవుల్లో ఇంటి దగ్గర చేసి చూడండి.