చెఱువు నీటిలోని సూక్ష్మజీవులు – వాని శత్రువులు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల గ్రామములలో మంచినీటి చెఱువును కృష్ణకాలువ నీటితో నింపుకొనుట పెద్దలనాటినుండి వచ్చుచున్న వాడుక. ఆ నీరు తేటపడినంతనే శుభ్రమైనదని మనము తలంతుము. కాని కంటికి తేటయగుట వేఱు, నిర్దోషమగుట వేఱు. సాధారణముగా చెఱువునీరు ఒక్క మిల్లీలీటరులో సుమారు 10 లక్షల బాక్టీరియాలును, వానికి పదిరెట్లు వైరసులును ఉండును.

ఈ వైరసులలో హెచ్చుభాగము మనుష్యుల నంటునవి కావు, బాక్టీరియాలనే పట్టునవి. వీనికి బాక్టీరియోఫేజి, అనగా బాక్టీరియాను భక్షించునది, అని పేరు. వీని చరిత్రలో మన దేశపు నదులకును పాలు కలదు. 1896లో ఆగ్రాయందు పనిచేయుచుండిన హాన్కిన్ అను శాస్త్రజ్ఞుడు గంగా యమునల నీటిలో కలరా సూక్ష్మజీవులు త్వరగా నశించుటయు, ఆ నీటిని కాచినచో ఆ శక్తి పోవుటయు గమనించెను. అది ఫేజుల పనియే కావచ్చునని తరువాతివా రూహించిరి. 1915లో ఇంగ్లండునందు ట్వార్టును, 1917లో పారిస్‌నందు డెరెల్‌ను వీనిని వేర్వేరుగ కనుగొనిరి. డెరెల్ 1927లో మన దేశమునకు వచ్చి కలరా రోగులకు వీనిని ఇచ్చి చూచెను.

ఫేజి బాక్టీరియా గోడ నంటుకొని తన జన్యుపదార్థమును మాత్రము లోనికి పంపును. అంతట బాక్టీరియా తన పని మాని ఫేజులనే తయారుచేయును. కొన్ని జాతులలో అర్ధగంటకే నూఱు వఱకు పుట్టి, గోడను బ్రద్దలుచేసికొని వెలువడును. అయినను ఏ తాళమునకు ఆ చెవియే పట్టునట్లు, ఒక్కొక్క ఫేజి కొన్ని బాక్టీరియాలనే పట్టగలదు.

“అట్లయిన చెఱువు తన్ను తానే శుద్ధిచేసికొనును గదా, నీరు కాచుట యేల?” అని యొక విద్యార్థి మమ్ము అడిగెను. మంచి ప్రశ్నయే. బాక్టీరియాలు తగ్గినకొలది ఫేజులకు అవి దొరకుటయు తగ్గును. కొన్ని వానికి లొంగకయు నిలుచును. అంతకంటె వింతయైన సంగతి 1996లో వాల్డర్, మెకలానస్ అను వారు వెల్లడించిరి. కలరా విషమును పుట్టించు జన్యువును బాక్టీరియాకు తెచ్చియిచ్చునది ఒక ఫేజియే! అది బాక్టీరియాను చంపక దానిలోనే కాపురముండును. దొంగను పట్టువాడును, దొంగకు కత్తి నిచ్చువాడును ఒక్క వంశమువారే యన్నమాట.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు చెఱువులు ఉప్పునీటితోను కళేబరములతోను చెడి, బ్రదికినవారికి గ్రుక్కెడు మంచినీరే కఱవయ్యెను. అట్టి వేళ ఫేజులను నమ్ముకొని యుండదగునా? కావున విద్యార్థులారా, నీటిని తెర్లునట్లు కాచి, మూతపెట్టి త్రాగుడు. కాచినప్పుడు శత్రువుతోపాటు మిత్రుడును నశించును. ఆ నష్టమును మనము భరింపవచ్చును.